పన్నెండు పలకల ఇల్లు

దళసరి అట్ట మీద ఒకే కొలతలో పన్నెండు పంచభుజాలు గీసి, కోసి, అంచుకు అంచు ఆనించి అతికించుకుంటూ పోండి. పన్నెండో ముక్క పెట్టేసరికి ఎక్కడా సందు లేకుండా బంతిలా మూసుకుంటుంది. షడ్భుజాలతో చేయబోతే తేనెపట్టులా బల్లపరుపుగా పరుచుకుంటాయే తప్ప ఒంపు తిరగవు. ఈ కిటుకు బ్రారుడోస్ఫేరా బిగెలోవీ అనే సముద్రపు నాచు దగ్గర ఉంది. నాచు అన్నాను గానీ, అది ఒకే ఒక్క కణం, కంటికి ఆనదు. దాని ఒంటి చుట్టూ కాల్సైట్‌తో, అంటే సున్నపురాయి సరుకుతోనే చేసిన పన్నెండు ఐదుమూలల పలకలు. ఆ పలక కూడా ఏకఖండం కాదు, ఐదు ముక్కలు నడిమికి మొనలు కలిపి కూర్చినది. పన్నెండైదులు అరవై. సుమారు పది కోట్ల ఏళ్ల నాటి శిలల్లో సైతం ఇలాంటి పలకలు దొరుకుతున్నాయి.

ఇంత అందమైన ఇల్లు చూశాక లోపలి మనిషిని పట్టించుకోవడం కష్టమే. నా మటుకు అసలు పనితనం లోపలే ఉంది.

1998లో అమెరికా శాస్త్రవేత్త జొనాథన్ జేర్ పసిఫిక్ నీళ్లలో ఒక చిన్న డీఎన్‌ఏ తునకను పట్టుకున్నారు. గాలిలోని నత్రజనిని జీవులకు పనికొచ్చేలా మార్చే జన్యువు అది. పనిముట్టు దొరికింది, పనివాడు దొరకలేదు. ఆ పని చిన్నది కాదు. నత్రజని అణువులోని మూడు బంధాలను విడదీయడానికి ఎరువుల కర్మాగారాలు 400 డిగ్రీలు దాటిన వేడి, వందకు మించిన వాతావరణ పీడనాలు వాడతాయి. నాచు లోపల ఉండే ఆ పనివాడు, ఒక బాక్టీరియా, మామూలు సముద్రపు నీళ్లలోనే కానిచ్చేస్తుంది. దానికి యూసీవైఎన్-ఏ అని పొడి అక్షరాల పేరు పెట్టారు.

2010లో దాని జన్యుపటం మొత్తం చదివితే 14.4 లక్షల అక్షరాలే తేలాయి. వంశం చూస్తే సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియే కులవృత్తి. తీరా చూస్తే నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలే యంత్రాంగమే లేదు, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే ఎంజైమూ లేదు. కుమ్మరి ఇంట్లో సారె లేనట్టు! లోపంలా కనిపించే ఈ చోటే కూర్పు అందం బయటపడుతుంది. నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్ సోకితే చెడిపోతుంది. అందుకే ఈ వంశంలో కొన్ని ఆ పనిని రాత్రికి వాయిదా వేసుకుంటాయి. కొన్ని మందపు గోడల ప్రత్యేక కణాలు కట్టుకుంటాయి. ఇది ఆక్సిజన్ పుట్టే భాగాన్నే వదిలించుకుంది. వెలుతురు నుంచి శక్తి తీసే మరో భాగాన్ని మాత్రం ఉంచుకుంది. కనుక పట్టపగలే పని. పోగొట్టుకున్న చక్కెర? అది నాచు పెడుతుంది. ఆ పెట్టే నాచు ఉందని 2012లో గానీ తెలియలేదు. అంతకుముందు నీటిని చిక్కబరిచి చూసే హడావిడిలో రెండూ విడిపోయేవి.

మన చేలలోనూ ఇలాంటి జంట ఉంది. వేరుశనగ మొక్కను పీకితే వేర్లకు గింజల్లాంటి బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. ఆ రంగు పదార్థం ఉన్నది కూడా ఎంజైముకు ఆక్సిజన్ తగలకుండా కాచడానికే. కాకపోతే ఆ బాక్టీరియా విత్తనంలో రాదు, ప్రతి పంటకూ నేలలోంచి కొత్తగా వేరులో దూరాలి. అందుకే రైతు రైజోబియం కల్చర్‌ను బెల్లం పాకంలో కలిపి విత్తనానికి పట్టిస్తాడు.

నాచులో అలా కాదని తేల్చడానికి ముందు దాన్ని పెంచగలగాలి. జపాన్‌లో క్యోకో హగినో దశాబ్దానికి పైగా దాని వెంట పడి చివరికి ప్రయోగశాలలో నిలబెట్టారు. ఈ కథలో నాకు అందరికంటే ఆవిడే నచ్చారు. ఆ కణాలను ఎక్స్-రే టోమోగ్రఫీలో చూసి 2024లో సైన్స్ పత్రికలో ప్రకటించిన సంగతి ఇది: నాచు రెండుగా చీలేటప్పుడు లోపలిదీ లెక్క ప్రకారం చీలి, పిల్ల కణానికి ఒక్కొక్కటి చొప్పున పంపకమవుతుంది. కణం లోపలి భాగాలైన మైటోకాండ్రియా, క్లోరోప్లాస్ట్‌లు పంచుకునే పద్ధతే ఇది. దాంతో దీన్ని బాక్టీరియా అనడం మాని నైట్రోప్లాస్ట్ అన్నారు.

పేరు మార్చడానికి ఇంకో ఆధారమూ ఉంది. దాని లోపల ఉన్న ప్రోటీన్లలో చెప్పుకోదగ్గ వాటా దాని సొంత జన్యువుల నుంచి వచ్చినవి కావు. నాచు తయారుచేసి లోపలికి పంపినవి. పెరగడానికి, చీలడానికి కావలసినవి కూడా అందులో ఉన్నాయి. అలా పంపే ప్రోటీన్లకు సుమారు 120 అమైనో ఆమ్లాల తోక ఒకటి అదనంగా ఉంటుంది, ఉత్తరానికి చిరునామాలా. క్లోరోప్లాస్ట్‌కు వెళ్లే ప్రోటీన్లకు ఈ చిరునామా మామూలుగా ముందు కొసన ఉంటుంది. ఇక్కడ వెనక కొసన కుట్టి ఉంది.