స్వస్థత ఎవరికి కావాలి? దళిత క్రైస్తవం, వికలాంగ దేహం

దళిత క్రైస్తవ వేదాంతం మాట్లాడిన ప్రతిచోటా 'విరిగిన దేహం' అనే మాట వినిపిస్తుంది. దళితుడంటేనే నలిగినవాడు, విరిగినవాడు. 1980వ దశకంలో అరవింద్ పి. నిర్మల్ క్రీస్తును దళితుడిగా చదవాలన్నప్పుడు, అగ్రకుల దృష్టితో నడిచిన భారతీయ క్రైస్తవ వేదాంతానికి అది పెద్ద దెబ్బే. మేం ఆ వారసత్వంలోని వాళ్లమే. అయినా ఒక ప్రశ్న అడగక తప్పదు. విరిగిన దేహాన్ని ఉపమానంగా ఇంత వాడుకున్నాం గదా, నిజంగా కాలు లేని, చూపు లేని, వినికిడి లేని దళితుడు మన రాతల్లో ఏడి?

కరోనా కాలం ఈ ప్రశ్నను మన ముందుకు తెచ్చి నిలబెట్టింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 12న ఈస్టర్ నాడు చర్చీల తలుపులు మూసే ఉన్నాయి. జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలకు అనుమతి వచ్చింది గానీ, 'ముట్టుకోవద్దు, దూరం జరగండి' అనే మాట పోలేదు. వైద్యపరంగా ఆ జాగ్రత్త అవసరమే. అయితే ఆ మాట అందరి చెవిలో ఒకే తీరుగ పడదు. దళితవాడ తరతరాలుగా విన్న మాట అది. చూపు లేని మనిషికి ముట్టుకోవడమే దారి. ఇంకొకరి భుజం దొరికితేనే అడుగు పడుతది. పెదవుల కదలికతో మాటను పట్టుకునే మనిషికి మాస్కు వెనక మాటే మాయమైంది. ఆరాధన సెల్‌ఫోన్‌లోకి పోతే, ఆ ఫోన్ లేని ఇంటికి ప్రసంగం చేరలేదు.

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలోని కొండకల్ లాంటి ఊరి నుంచి చూడాలి. హైదరాబాద్ దగ్గరే, పెద్దాసుపత్రి దగ్గరే అంటారు. బస్సులు ఆగిననాడు, సొంత బండి లేని, నడవలేని మనిషికి ఆ 'దగ్గర' ఎంత దూరమో కిలోమీటరు రాయి చెప్పదు.

సర్కారు లెక్క ఇంకో తీరు. 2016 వికలాంగుల హక్కుల చట్టం రిజర్వేషన్ వంటి వాటికి 40 శాతం వైకల్యాన్ని కొలతగా పెట్టింది. లాక్‌డౌన్‌లో కేంద్రం ప్రకటించిన వెయ్యి రూపాయల సాయం మాత్రం 80 శాతం ఉండాల్సిన జాతీయ పింఛను పథకం వాళ్లకే. ఇక క్రైస్తవుడినని రాయించుకున్న దళితుడికి 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదా ఇవ్వదు. మన దగ్గర బీసీ-సీ కింద 1 శాతమే మిగిలింది. వైకల్యానికొక కాగితం, కులానికొక కాగితం. రెండింటి నడుమ మనిషి జారిపోతున్నాడు.

చర్చి ఈ మనిషిని పట్టుకున్నదా? స్వస్థత కూటాల భాష చూడండి. చేతికర్ర పారేసి నడిచినవాడికి వేదిక ఉంటుంది, సాక్ష్యం ఉంటుంది. నడవనివాడికి? విశ్వాసం చాలలేదనే అనుమానం ఉంటుంది. వైకల్యం పూర్వజన్మ పాపమన్న కర్మ సిద్ధాంతాన్ని కాదని మన పెద్దలు బయటికొచ్చారు. అదే నింద బోధకుని నోట మళ్లీ ఎదురైతే ఎట్లా? పుట్టు గుడ్డివాని విషయంలో పాపం ఎవరిదని శిష్యులడిగితే, అతనిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదని యేసు చెప్పినట్లు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉన్నది. దాన్ని చదివే నోటితోనే పాపం వెతకడం సువార్తకే విరుద్ధం. 2015లో ప్రధాని మోదీ సూచించిన 'దివ్యాంగులు' అనే పేరు కూడా మాకు ఊరట కాదు. పాపమనడం, దివ్యమనడం రెండూ మనిషిని మనిషిగా చూడకుండా తప్పించుకునే దారులే.

మిషన్ చరిత్రలో వేరే జాడ ఉన్నది. 1915లో వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, రాజా నర్సాగౌడ్ విరాళంతో నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి నెలకొల్పింది. లోకం వెలివేసిన దేహానికి అక్కడ మందు, మనిషి స్పర్శ దొరికాయి. అదే సమయంలో, క్రైస్తవుల విడాకుల చట్టంలో కుష్ఠు ఒక కారణంగా 2019 దాకా ఉన్నది. యేసు కుష్ఠురోగిని ముట్టుకున్నాడని ప్రతి ఏడూ ప్రసంగించే సంఘాలు ఆ చట్టాన్ని ఎంత గట్టిగా ప్రశ్నించాయో తమను తాము అడగాలి.

మార్కు 2వ అధ్యాయాన్ని కొత్తగా చదవాలని మేం ప్రతిపాదిస్తున్నాం. పక్షవాయువు గలవాణ్ని నలుగురు మోసుకొచ్చారు. జనం వాకిలి అడ్డుకున్నది. వాళ్లు ఇంటి కప్పు విప్పి అతన్ని లోపలికి దింపారు. మన ప్రసంగాలన్నీ అతను పరుపెత్తుకొని లేచిన చోటనే ఆగుతాయి. కానీ దేహం మారక ముందే ఇల్లు మారింది! అమెరికా వేదాంతి నాన్సీ ఐస్‌ల్యాండ్ 1994లో వెలువరించిన 'ది డిసేబుల్డ్ గాడ్' గ్రంథంలో, పునరుత్థానుడైన క్రీస్తు చేతుల, కాళ్ల గాయాలతోనే కనిపించాడని గుర్తు చేసింది. గాయం మాయం కావడం పునరుత్థానానికి షరతు కాలేదు.

ప్రార్థన ఇచ్చిన బలాన్ని మేం కొట్టివేయడం లేదు. ఆసుపత్రిలో మంచం దొరకని రోజుల్లో చాలామందికి మిగిలింది అదే. ఆ బలం ఉన్న మనిషినే విశ్వాసం తక్కువవాడని అనడాన్ని మేం ఒప్పుకోం. చర్చి మెట్ల పక్కన ర్యాంపు, ప్రసంగానికి సైగల భాష, సంఘ కమిటీలో వికలాంగులకు చోటు, మరో మహమ్మారి వస్తే ఎవరింటికి ఎవరు పోవాలో ముందే రాసుకున్న జాబితా: వీటిని దయగా కాదు, విశ్వాసంలో భాగంగా అడగాలి. దళిత వేదాంతం కూడా వికలాంగ దళితుణ్ని ఉపమానంగా వాడుకోవడం మాని, రాసేవాడిగా పిలవాలి. స్వస్థత ముందు కావాల్సింది వాకిలి అడ్డుకున్న జనానికి.