వెంకటేశం చదివిన గిరీశం: ‘కన్యాశుల్కం’ దుష్టనాయకుడిపై పాఠకాభిప్రాయాల పరిశీలన

వ్యాససంగ్రహం:
గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’లోని గిరీశం మోసగాడని తెలిసి కూడా తెలుగు పాఠకులు అతన్ని ఇష్టపడుతూ వచ్చారు. ఈ ఇష్టాన్ని కొందరు పాఠకుల బలహీనతగా, మరికొందరు రచయిత హాస్యప్రతిభకు నిదర్శనంగా వివరించారు. రెండు వివరణల్లోనూ గిరీశం శిష్యుడైన బాలుడు వెంకటేశం ప్రస్తావన స్వల్పం. నాటకంలో గిరీశాన్ని మొదట ‘చదివిన’వాడు వెంకటేశమేననీ, పాఠకుల అభిప్రాయభేదాలకు మూలం ఆ బాలుడి చూపులో ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాలల కాల్పనిక సాహిత్యంలో దుష్ట బాలనాయకుడి చుట్టూ సాగిన చర్చను పోలికకు స్వీకరిస్తుంది.

కీలక పదాలు: కన్యాశుల్కం, గిరీశం, వెంకటేశం, దుష్టనాయకుడు, పాఠకాభిప్రాయం, బాలపాఠకుడు, విజయనగరం.

1. ఉపోద్ఘాతం

విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 1892లో ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని విస్తరించి, దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో రెండో కూర్పును వెలువరించారు. నేడు తరగతి గదుల్లో చదువుతున్నదీ, ఈ వ్యాసానికి ఆధారమైనదీ ఆ రెండో కూర్పే.

ఈ నాటకంలో గిరీశం చేసే పనులను వరుసగా రాసి చూస్తే నేరాల పట్టికలా ఉంటుంది. తనకు అన్నం పెట్టిన పూటకూళ్లమ్మ సొమ్మును వేశ్యకు ఖర్చు పెడతాడు. ఊరంతా అప్పులు చేసి పరారవుతాడు. ఆశ్రయమిచ్చిన ఇంట్లోని బాలవితంతువును సంస్కరణ పేరు చెప్పి లేవదీసుకుపోతాడు. వేశ్యాలోలుడై ఉండి వేశ్యావ్యతిరేకిగా పెద్దమనిషి దగ్గర చేరతాడు. అయినా తెలుగు నాటకపాత్రల్లో పాఠకుల నోళ్లలో అతనంతగా నానినవాడు మరొకడు లేడు. మాటకారి మోసగాణ్ణి ‘గిరీశం’ అనడం వాడుకలో స్థిరపడింది. ముళ్లపూడి వెంకటరమణ సినీలోకంపై రాసిన వ్యంగ్యానికి ‘గిరీశం లెక్చర్లు’ అని పేరు పెడితే, ఆ పేరును ఎవరికీ విడమరచి చెప్పవలసిన అవసరం రాలేదు.

అలంకారశాస్త్రం చెప్పిన ధీరోదాత్తాది నాయకభేదాల్లో గిరీశం ఇమడడు. శృంగారనాయకుల్లో శఠుడు, ధృష్టుడు అన్న విభాగాలు కొంత దగ్గరగా వస్తాయి. ప్రహసనాల్లోని ధూర్తుడు ఇంకొంత దగ్గర. షేక్‌స్పియర్ ఫాల్‌స్టాఫ్‌తో పోల్చడమూ విమర్శలో పరిపాటి అయింది. అయితే ఫాల్‌స్టాఫ్ వృద్ధుడు, గిరీశం యువకుడు. ఫాల్‌స్టాఫ్ చెంత ఉన్నవాడు కాబోయే రాజు. గిరీశం చెంత ఉన్నవాడు పరీక్ష తప్పిన పిల్లవాడు. పోలిక చెప్పినవారు ఈ తేడా మీద తగినంతసేపు నిలవలేదు.

2. బొంకులదిబ్బ మీద తొలి పాఠకుడు

నాటకం విజయనగరం బొంకులదిబ్బ దగ్గర మొదలవుతుంది. ఇది ఆ పట్టణంలో నిజంగా ఉన్న స్థలమే. బొంకుకు దిబ్బ దొరకడం గురజాడకు ఊరే ఇచ్చిన వరం. గిరీశం మొదట ఒంటరిగా మాట్లాడుకుంటాడు. అప్పుల సంగతి, పూటకూళ్లమ్మ డబ్బు సంగతి ప్రేక్షకుడికి అప్పుడే తెలిసిపోతాయి. అంటే రచయిత మోసగాణ్ణి మోసగాడిగానే పరిచయం చేశాడు. అతని దుష్టత్వాన్ని తరవాత బయటపెట్టి ఆశ్చర్యపరిచే ఉపాయానికి గురజాడ పోలేదు. వెంకటేశం ప్రవేశించేది ఆ తరవాతే.

ఈ క్రమం కీలకమైనది. పాఠకుడికి తెలిసిన నిజం బాలుడికి తెలియదు. బాలుడికి కలిగే ఆకర్షణ మాత్రం పాఠకుడికీ కలుగుతుంది. అక్కడినుంచి గిరీశం ప్రతి మాటనూ పాఠకుడు రెండు చెవులతో వింటాడు: ఒకటి తనది, రెండోది వెంకటేశానిది.

వెంకటేశం మూర్ఖుడు కూడా కాదు. చుట్ట కాల్చడం తప్ప గురువు వల్ల తనకు అబ్బింది ఏమీ లేదని అతను మొదటి రంగంలోనే నిష్ఠూరమాడతాడు. గిరీశంపై నాటకంలో వినబడిన మొట్టమొదటి పాఠకాభిప్రాయం ఇదే అనవచ్చు. అది ప్రతికూలమైనది, పైగా సరైనది. దానికి గిరీశం ఇచ్చే జవాబు, తనతో సంభాషించడమే ఒక చదువన్న ధోరణిలో సాగుతుంది. బాలుడి ఫిర్యాదు అక్కడితో ఆగిపోతుంది. సహేతుకమైన అభిప్రాయం వాగ్ధాటి ముందు ఎలా వీగిపోతుందో గురజాడ ఒక పుటలో చూపించారు. నూరేళ్లుగా పాఠకులు గిరీశం విషయంలో చేస్తున్నదీ ఇంచుమించు అదే.

ఇద్దరినీ కలిపి ఉంచేది గురుభక్తి అనుకోవడం కూడా పొరపాటే. పరీక్ష తప్పిన సంగతికి తండ్రి ఏం చేస్తాడోనన్న భయం వెంకటేశానిది. క్రిస్మస్ సెలవుల్లో అప్పులవాళ్ల కంటపడకుండా ఊరు దాటాలన్న తొందర గిరీశానిది. ఇది పరస్పర అవసరం. కృష్ణరాయపురం అగ్రహారానికి గిరీశాన్ని తీసుకువెళ్లింది వెంకటేశం భయమే. అక్క బుచ్చమ్మ కథ ఆ భయంలోంచి మొదలవుతుంది.

3. అర్థం కాని ఇంగ్లీషు, అర్థమయ్యే తెలుగు

అగ్రహారంలో వెంకమ్మ తన కొడుకూ, అతని గురువూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటే వినాలని ముచ్చటపడుతుంది. వారు మాట్లాడేది సంభాషణే కాదు. బడి పద్యాల ముక్కలు, కంఠస్థం చేసిన వాక్యాల తునకలు. తల్లికి అర్థం కాదు, కాబట్టే ఆనందం. ఇంగ్లీషు తెలిసిన పాఠకుడికి అర్థమవుతుంది, కాబట్టే నవ్వు. కొడుకు చదువు కోసం ఆ ఇల్లు పెడుతున్న ఖర్చును తలచుకున్న పాఠకుడికి మాత్రం ఆ నవ్వు చివర కొంత చేదు మిగులుతుంది. ఒకే దృశ్యంలో ముగ్గురు వేర్వేరు శ్రోతలకు ముగ్గురు గిరీశాలు. పాఠకాభిప్రాయాలు భిన్నంగా ఉన్నాయంటే పాఠకుల్లో ఎవరో తప్పు చదివారని కాదు. ఆ భేదానికి నాటకంలోనే స్థానాలు కేటాయించి ఉన్నాయి.

ఆ స్థానాల్లో మధురవాణిది ప్రత్యేకం. ఆమె గిరీశాన్ని పూర్తిగా చదివింది, వదిలింది. సౌజన్యారావు పంతులు ఉత్తముడు, కానీ గిరీశం విషయంలో చాలాకాలం అతి బలహీనమైన పాఠకుడు. ఎదుటివాడు తన భాష మాట్లాడితే తన మనసు కూడా ఉన్నట్టే అనుకోవడం ఆయన లోపం. సంస్కరణ వాక్యాలను సరిగ్గా పలికినవాణ్ణి సంస్కర్తగా నమ్మిన ఆ న్యాయవాదికీ, ఇంగ్లీషు ముక్కలు వినిపించినవాణ్ణి పండితుడిగా నమ్మిన వెంకమ్మకూ పెద్ద అంతరం లేదు. ఈ సామ్యం గురజాడ తన కాలపు విద్యావంతులపై వేసిన నిశితమైన చురక.

భాష విషయంలో మరొక చిక్కు ఉంది. గురజాడ సహాధ్యాయి, నేటి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. వ్యావహారికం సాహిత్యానికి పనికివస్తుందనడానికి ‘కన్యాశుల్కం’ బలమైన నిదర్శనంగా నిలిచింది. అయితే ఆ నాటకంలో వాడుకభాషకు అత్యంత చురుకైన ప్రతినిధుల్లో ఒకడు అబద్ధాలకోరు. సౌజన్యారావు మాటలు చదివి ఎవరూ కంఠస్థం చేయరు. గిరీశం మాటలు చదవకుండానే వచ్చేస్తాయి. పాఠకుడి చెవి అతని పక్షాన చేరిన తరవాత బుద్ధి ఎంత వాదించినా ఆలస్యమే. గిరీశంపై ఇష్టాన్ని నైతిక బలహీనతగా చూసే విమర్శ ఈ చెవిని లెక్కలోకి తీసుకోలేదు.

4. బాలసాహిత్యంలో దుష్టుడు నాయకుడైతే

దుర్మార్గుణ్ణి ఇష్టపడే బాలుడి చూపు నాటకానికి కేంద్రమైతే, బాలపాఠకులకు దుర్మార్గుడైన నాయకుణ్ణి నేరుగా అందించిన సాహిత్యంతో పోల్చి చూడటం ఉచితం. తెలుగు బాలల కాల్పనిక సాహిత్యంలో అలాంటి నాయకుడు అరుదు. 1947లో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ వంటి ధారావాహికల్లో సాహసం యువవీరులది, దుష్టత్వం ప్రధానంగా మాంత్రికులది, రాక్షసులది. మోసం చేసి మెప్పు పొందే అవకాశం తెనాలి రామకృష్ణుడి వంటి చతురులకే దక్కింది. ఆ మోసాలు కూడా చాలావరకు పెద్దల గర్వాన్ని అణచడానికే.

ఐర్లాండ్ రచయిత యోయిన్ కోల్ఫర్ 2001లో ప్రచురించిన ‘ఆర్టెమిస్ ఫౌల్’ ఇందుకు భిన్నమైనది. అందులో నాయకుడు పన్నెండేళ్ల నేరస్థుడు. భూగర్భంలో నివసించే యక్షజాతికి చెందిన ఒక అధికారిణిని అపహరించి బంగారం కోసం బేరం పెడతాడు. ఈ నవలపై పాఠకాభిప్రాయాలు రెండుగా చీలాయి. నిర్దయుడైన బాలుడితో సహానుభూతి పొందలేకపోయామన్నది ఒకటి. నీతిపాఠాల విసుగు లేని బాలుడు ఇన్నాళ్లకు దొరికాడన్నది రెండోది. 2020లో వచ్చిన చలనచిత్రం అతని నేరస్వభావాన్ని బాగా తగ్గించి మంచి పిల్లవాడిగా మలిచింది. నవలను ప్రేమించిన పాఠకులు ఆ మార్పునే ప్రధాన లోపంగా ఎత్తిచూపారు. వారు కోరుకున్నది చెడును సమర్థించడం కాదు. చెడ్డవాడి తెలివిని దగ్గరనుంచి చూసే అవకాశం.

అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. కోల్ఫర్ బాలుణ్ణే దుష్టుడిగా చేశాడు. గురజాడ దుష్టుడి పక్కన బాలుణ్ణి నిలబెట్టాడు. ఆర్టెమిస్ తెలివిని మెచ్చే పాఠకుడికి, తనలాగే మెచ్చి నష్టపోయిన బాలుడు కథలో ఎదురుపడడు. గిరీశాన్ని మెచ్చే పాఠకుడికి వెంకటేశం ప్రతి మలుపులోనూ ఎదురుపడతాడు. ఆ మేరకు గురజాడ ఏర్పాటు కఠినమైనది. పిల్లల పుస్తకంగా ఎవరూ లెక్కపెట్టని ఈ నాటకం బాలపాఠకుడి ప్రమాదాన్ని మరింత లోతుగా పట్టించుకుంది.

5. రంగస్థలం, వెండితెర

పాఠకాభిప్రాయాన్ని పుస్తకం ఒక్కటే తయారు చేయలేదు. శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన జె.వి. రమణమూర్తి దశాబ్దాలపాటు ‘కన్యాశుల్కం’ను ప్రదర్శిస్తూ గిరీశం పాత్రకు రంగస్థల రూపాన్ని స్థిరపరిచారు, సోదరుడు జె.వి. సోమయాజులు రామప్పపంతులుగా ఆయన సరసన నిలిచారు. 1955లో పి. పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన చిత్రంలో గిరీశం పాత్రధారి ఎన్.టి. రామారావు, మధురవాణి సావిత్రి. కథానాయకుడిగా వెలుగుతున్న నటుడు వేషం కట్టినప్పుడు పాత్ర దుష్టత్వం కొంత మెత్తబడక తప్పదు. పుస్తకంలో చెవిని ఆకట్టుకున్నవాడు తెరమీద కంటినీ ఆకట్టుకున్నాడు. ఆ తరవాతి తరాల్లో నాటకం చదవకముందే గిరీశాన్ని ఎరిగినవారి సంఖ్య పెరిగింది. వారి అభిప్రాయాన్ని పాఠకాభిప్రాయమని పిలవవచ్చా అన్నది వేరే చర్చ.

అకడమిక్ విమర్శ వేరే దారిలో నడిచింది. కె.వి. రమణారెడ్డి ‘మహోదయం’ గురజాడను చారిత్రక, సాంఘిక నేపథ్యంలో నిలిపి చదివింది. వెల్చేరు నారాయణరావు 2007లో ఇంగ్లీషు అనువాదాన్ని ప్రచురించి, ఈ నాటకాన్ని సంఘసంస్కరణ రచనగా మాత్రమే చదివే అలవాటును ప్రశ్నించారు. సంస్కరణ దృష్టితో చదివినప్పుడు గిరీశం ఆ ఉద్యమానికి పట్టిన చీడ. ఆ దృష్టిని పక్కన పెడితే అతను వలసకాలపు సంకరసంస్కృతిలో చొరవగా బతికిన ఒక జీవి. రెండు పఠనాలకూ నాటకంలో ఆధారాలున్నాయి. కానీ రెండింటిలోనూ గిరీశాన్ని తూచే త్రాసు పెద్దలదే. రెండో పఠనంలో అతని చొరవకు వెల చెల్లించినవారి లెక్క మరీ పలచబడే ప్రమాదం ఉంది.

6. పాఠం నెపంగా

ఆ లెక్కకు ముఖ్యమైన దృశ్యం అగ్రహారంలో జరుగుతుంది. వెంకటేశానికి పాఠం చెబుతున్న నెపంతో గిరీశం వితంతు వివాహం గురించి బుచ్చమ్మ చెవిన వేస్తాడు. పుస్తకం తమ్ముడి ముందు, గురి అక్క మీద. పాఠకులు ఈ దృశ్యాన్ని గిరీశం చాకచక్యానికి ఉదాహరణగా తరచు చెప్పుకుంటారు. బుచ్చమ్మ అమాయకత్వాన్నీ గుర్తిస్తారు. మధ్యలో ఉన్న బాలుణ్ణి ఎవరూ చూడరు. అతని చదువు అక్కడ పూర్తిగా సాధనంగా మారిపోయింది. సొంత అక్కను ఇల్లు దాటించే మాటలు అతని పాఠంగానే పలికాయి. చుట్ట తప్ప ఏమీ నేర్పలేదన్న మొదటి రంగపు ఫిర్యాదును ఈ దృశ్యం పక్కన పెట్టి చదివితే, ఆ ఫిర్యాదు హాస్యం స్థాయినుంచి సాక్ష్యం స్థాయికి చేరుతుంది.

ఇక్కడొక అభ్యంతరం రావచ్చు. బుచ్చమ్మ చివరకు వైధవ్యపు చెరనుంచి బయటపడింది కదా, మోసగాడి వల్లనైనా మేలే జరిగింది కదా అన్నది ఆ అభ్యంతరం. దానిలో సత్యం లేకపోలేదు. అయితే ఆమెకు దారి చూపింది గిరీశం కాదు. మధురవాణి నిజం బయటపెట్టిన తరవాత, సౌజన్యారావు ఆమెను పూనాలోని వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. గిరీశం ముందు చదువుకొని యోగ్యుడు కావాలన్నది ఆయన తీర్పు. ఇతరులకు చదువు చెబుతానని బయలుదేరినవాణ్ణి మళ్లీ బడికి పంపడం, నాటకం అతనికి వేసిన శిక్షల్లో అత్యంత సముచితమైనది.

విశాఖపట్నంలో జరిగే ఆ ముగింపు రంగంలో వెంకటేశం లేడు. గిరీశం చివరి పలుకులో ఉన్నది పశ్చాత్తాపం కాదు, కథ తనకు ఎదురుతిరిగిందన్న విసుగు మాత్రమే; పాఠకులు దాన్నే సామెతలా వాడుకుంటూ నవ్వుతారు. పాఠకులందరికీ గిరీశం అసలు రూపం తెలిసింది, సౌజన్యారావుకు తెలిసింది, బుచ్చమ్మ జీవితానికి ఒక ఏర్పాటు జరిగింది. తొలి రంగంలో సరైన అభిప్రాయం చెప్పి, మాటల్లో పడి దాన్ని వదులుకున్న బాలుడికి మాత్రం తన అభిప్రాయాన్ని సవరించుకునే రంగాన్ని గురజాడ రాయలేదు. గిరీశం పాత్రచిత్రణ మీద ప్రశ్న వేసే తెలుగు పరీక్షాపత్రాలు ఆ రాయని రంగం గురించి కూడా ఒక ప్రశ్న అడిగితే, జవాబు రాయవలసిన విద్యార్థుల్లో చాలామంది వెంకటేశం వయసును ఇటీవలే దాటివచ్చినవారే అయి ఉంటారు.