ఒక తాళం, ఒక పగ్గం

కంపెనీ నిర్ణయించిన దానికంటే కాస్త తక్కువ వోల్టేజీ ఇచ్చి, ప్రాసెసర్‌తో అదే పని చేయించుకోవడం అండర్‌వోల్టింగ్. వేడి తగ్గుతుంది, ఫ్యాను మోత తగ్గుతుంది, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ ఇంకాసేపు నిలుస్తుంది. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో వీడియో ఎడిటింగ్ చేసుకునేవాళ్లకు ఇది సరదా కాదు, అవసరం. ఈ అవసరం మీద ఇంటెల్ రెండుసార్లు చెయ్యి వేసింది. మొదటిది 2019 చివర, రెండోది 2024లో. రెండూ బయోస్ అప్‌డేట్ రూపంలోనే ఇల్లు చేరాయి. "అప్‌డేట్ పెట్టాక అండర్‌వోల్ట్ పోయింది" అన్న గోల కూడా రెండుసార్లూ ఒకటే. రోగాలు మాత్రం వేరు. అది గమనించక ఒకదాని మందు రెండోదానికి వేసేవాళ్లు ఇప్పటికీ కనబడుతుంటారు.

మొదటిదాని పేరు ప్లండర్‌వోల్ట్. బర్మింగ్‌హామ్, గ్రాజ్, ల్యూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దీన్ని 2019 డిసెంబరు 10న బయటపెట్టారు. ఇంటెల్ చిప్పుల్లో ఎస్‌జీఎక్స్ అనే రహస్య అర ఒకటుండేది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు కూడా కనబడకుండా తాళంచెవుల్లాంటి రహస్యాలను అందులో దాచవచ్చు. ఆ అరలో లెక్క నడుస్తుండగా 0ఎక్స్150 అనే రిజిస్టర్ ద్వారా వోల్టేజీని సరిగ్గా అవసరమైనంత దించితే గుణకారం తప్పుతుంది. ఆ తప్పుల్లోంచి రహస్యం లాగవచ్చని వాళ్లు చేసి చూపించారు. ఇంటెల్ జవాబు సూటిగా ఉంది: మైక్రోకోడ్, బయోస్ మార్చి ఆ దారి మూసెయ్యడం. ల్యాప్‌టాప్ కంపెనీలు ఒక్కొక్కటే అప్‌డేట్లు వదిలాయి. నిన్నటిదాకా థ్రాటిల్‌స్టాప్ అనే సాధనంలో మైనస్ 100 మిల్లీవోల్టుల దగ్గర కూర్చున్న స్లైడర్ పక్కన "లాక్డ్" అన్న మాట ప్రత్యక్షమైంది.

ఈ దాడికి ముందుగా కంప్యూటర్ మీద అడ్మినిస్ట్రేటర్ అధికారం దొరకాలి. క్లౌడ్ సర్వర్ నడిపేవాళ్లకు అది నిజమైన భయమే, ఎందుకంటే ఎస్‌జీఎక్స్ ఉన్నదే ఆ అధికారం చేతిలో ఉన్నవాడి నుంచి కూడా రహస్యాన్ని కాపాడటానికి. ఎస్‌జీఎక్స్ పేరైనా వినని విద్యార్థి ల్యాప్‌టాప్‌కు మాత్రం ఆ శిక్ష ఎందుకు పడాలి? పైగా 11, 12వ తరం కోర్ ప్రాసెసర్లకు వచ్చేసరికి ఇంటెల్ ఎస్‌జీఎక్స్‌నే తీసి పక్కన పెట్టింది. అర పోయింది, దాని కోసం వేసిన తాళం పాత ల్యాప్‌టాప్‌లలో అలాగే ఉండిపోయింది.

అయినా ఆ తాళానికి ఒక నిజాయితీ ఉంది. ఇంటెల్ తాళం వేశానని చెప్పే వేసింది. దాన్ని తప్పించుకోవాలంటే పాత బయోస్‌కు వెనక్కి వెళ్లనిస్తారో లేదో చూసుకోవాలి, భద్రతా అప్‌డేట్ తర్వాత చాలా కంపెనీలు వెళ్లనివ్వవు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. బయోస్ అప్‌డేట్ చాలాసార్లు సెట్టింగులన్నిటినీ మొదటికి తెస్తుంది. దాంతో ఎప్పుడో ఆపేసిన వర్చువలైజేషన్ మళ్లీ మొదలవుతుంది. దాని మీద విండోస్ మెమరీ ఇంటెగ్రిటీ అనే భద్రతా పొర లేచి కూర్చుంటుంది. అప్పుడు స్లైడర్ దిగినా ఆదేశం ప్రాసెసర్‌కు చేరదు. తిట్లు బయోస్‌కు పడతాయి, అడ్డం నిలబడినది విండోస్. విండోస్‌లో కోర్ ఐసోలేషన్ పేజీ ఒకసారి తెరిచి చూస్తే సంగతి తేలిపోతుంది. దాన్ని ఆపాలా వద్దా అన్నది మళ్లీ భద్రత లెక్కే.

2024 కథ దీనికి పూర్తిగా తలకిందులు. 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్పులు ఆటల మధ్యలో కూలిపోతున్నాయన్న గొడవ ముదిరాక, మైక్రోకోడే అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో వచ్చిన 0ఎక్స్129 మైక్రోకోడ్ 1.55 వోల్టులు దాటి అడగకుండా కట్టడి చేసింది. పెద్ద పని లేనప్పుడు కూడా వోల్టేజీ ఎగబాకడాన్ని సెప్టెంబరులో 0ఎక్స్12బి సరిచేసింది. అంతకు ఐదేళ్ల ముందు తక్కువ వోల్టేజీ ప్రమాదమని తాళం వేసిన కంపెనీయే అప్పుడు ఎక్కువ వోల్టేజీ చిప్పును అరగదీస్తోందని చెప్పింది. అంటే సొంతంగా వోల్టేజీ తగ్గించుకున్నవాడి అనుమానం నిజమైంది. అయినా కొత్త బయోస్ పెట్టగానే ముందు నష్టపోయింది అతడే.

కారణం సీఈపీ, అంటే కరెంట్ ఎక్స్‌కర్షన్ ప్రొటెక్షన్. ఇది 12వ తరం నుంచీ ఉన్నదే, చాలా మదర్‌బోర్డులు ఆపేసి ఉంచేవి. గొడవ తర్వాత వాట్లకు, ఆంపియర్లకు పెట్టిన పరిమితులతో పాటు ఇదీ ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్ పేరుతో సిఫారసుల వరసలో చేరింది. తనకు రావాల్సిన వోల్టేజీ కంటే తక్కువ అందుతోందని ప్రాసెసర్‌కు అనిపిస్తే సీఈపీ పగ్గం లాగుతుంది, ఒక్కో క్లాకు టిక్కును సాగదీస్తుంది. కంప్యూటర్ హ్యాంగ్ అవదు, ఎర్రర్ రాదు. స్క్రీన్ మీద క్లాకు 5.5 గిగాహెర్ట్జ్ అనే చూపిస్తుంటుంది. సినీబెంచ్ పరీక్ష నడిపితే స్కోరు జారుతుంది, వాట్లూ పడిపోతాయి, వేడీ తగ్గుతుంది. ఆ ఉష్ణోగ్రత చూసి అండర్‌వోల్ట్ భలే కుదిరిందని మురిసిపోయేవాళ్లున్నారు!

అందుకే ఇక్కడ క్లాకును నమ్మకూడదు. డిఫాల్ట్‌లో స్కోరు ఎంత, అండర్‌వోల్ట్ తర్వాత ఎంత అన్నదే చూడాలి. వోల్టేజీ ఏ దారిన తగ్గించామన్నది కూడా ముఖ్యమే. బయోస్‌లో ఏసీ లోడ్‌లైన్ అనే సెట్టింగును బాగా దించితే ప్రాసెసర్ లెక్కకూ అందిన వోల్టేజీకీ పొంతన కుదరక సీఈపీ మేలుకుంటుంది. అదే తగ్గింపును వోల్టేజీ-ఫ్రీక్వెన్సీ కర్వ్ మీద ఆఫ్‌సెట్‌గా ఇస్తే ప్రాసెసర్‌కు ముందే తెలిసి ఉంటుంది కాబట్టి చాలావరకు గొడవపడదు. పాత బయోస్‌లో దాచుకున్న ప్రొఫైల్‌ను కొత్తదాంట్లోకి ఎక్కించే ప్రయత్నం అసలు వద్దు. అంకెలు కాగితం మీద రాసుకుని మళ్లీ మొదటి నుంచి దిగడమే మేలు. జెడ్790 బోర్డుల్లో సీఈపీని ఆపవచ్చు. బి760 కొన్నవాళ్లలో చాలామందికి ఆ వీలు లేదు, బోర్డు అనుమతిస్తే ఆఫ్‌సెట్ దారే గతి.

రెంటినీ పక్కపక్కన పెడితే, 2024 మార్పుకు ఉన్న కారణం 2019 దానికంటే బలమైనదే, కాదనలేం. కానీ వాడేవాడికి విషయం తెలియజెప్పడంలో పాత తాళమే నయం. ఏఎమ్‌డీ వైపు వోల్టేజీ తగ్గించుకునే కర్వ్ ఆప్టిమైజర్ తలుపు తెరిచే ఉంటుంది గానీ, బయోస్‌తో వచ్చే అజేసా కోడ్ మారాక పాత మైనస్ 30 నిలబడుతుందన్న పూచీ లేదు. ఆ అంకెతో కంప్యూటర్ భారీ పరీక్షలన్నీ గెలిచి, ఏ పనీ లేనప్పుడు రీస్టార్ట్ కావచ్చు. ఒక్కో కోర్‌నూ విడిగా నలిపి చూసే కోర్‌సైక్లర్ లాంటి సాధనం అందుకే.

13, 14వ తరం చిప్పుకు ఇంకొక అనుమానితుడు కూడా ఉన్నాడు, చిప్పే. కొన్నాళ్లు అధిక వోల్టేజీ తిన్న చిప్పుకు నిరుడు సరిపోయిన అండర్‌వోల్ట్ ఈ ఏడు సరిపడకపోవచ్చు. అన్‌రియల్ ఇంజిన్ ఆట మొదలుపెట్టగానే "వీడియో మెమరీ చాలలేదు" అన్న సందేశం వస్తే జనం గ్రాఫిక్స్ కార్డును అనుమానిస్తారు, తప్పు చాలాసార్లు ప్రాసెసర్‌ది. కొత్త బయోస్ పెట్టి, అన్నీ డిఫాల్ట్‌లో వదిలి, ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ కూడా ఆపి నడిపి చూడండి. అప్పుడూ కూలితే వోల్టేజీ అంకెలతో ఇక కుస్తీ అనవసరం. ఆ తరాల్లో ఈ సమస్య ఉన్న చిప్పులకు ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది. గడువు మిగిలి ఉంటే బిల్లు వెతికి క్లెయిమ్ పెట్టడమే మిగిలిన పని.