మల్లన చదరంగానికి పదిహేడు కాపలా

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇట్లా 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, ఇవి సుమారు 36,900 కోట్ల టన్నులు. లోకమంతా ఇప్పుడు ఏటా పండించే వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. మిర్యాలగూడ మిల్లుల ముందు లారీల బారులు చూసినవాళ్లకు కూడా ఇది ఊహకందదు. చాలామంది ఇక్కడ ఆశ్చర్యపోయి ఊరుకుంటారు. నాకు అసలు సంబరం ఆ తర్వాతే.

ఈ ఇరవై అంకెలనూ పావులూరి మల్లన తన గణిత గ్రంథంలో ఒక్క పద్యంలో పట్టించాడు. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహానికి అది తెలుగు. మహావీరుడు 9వ శతాబ్దపు జైనుడు, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంవాడు. జడ్చర్ల దగ్గరి గొల్లత్తగుడి జైన ఇటుక కట్టడం ముందు నిలబడినప్పుడల్లా ఆ జైనుల లెక్కలు మన పాలమూరులోనూ వినబడి ఉంటాయనిపిస్తుంది నాకు.

మల్లన దాదాపు అంతటా అంకెల పేర్లకు బదులు వస్తువుల పేర్లు చెప్పాడు. చంద్రుడంటే 1, వేదమంటే 4, శరమంటే 5, గగనమంటే సున్న. ఒకట్ల స్థానంలోని 5తో మొదలై ఎడమకు నడుస్తాడు. రాతగాడు మాట మారిస్తే చాలాసార్లు గణం తప్పుతుంది, చెవి పట్టేస్తుంది.

ఛందస్సుకు తోడు ఈ సంఖ్యకు సొంత కాపలా ఒకటుంది: 17. ఫోను పక్కన పెట్టి కాగితం మీద భాగించండి. 1085102592571150095 వస్తుంది, శేషం సున్న. ఇరవైలో ఏ ఒక్క అంకె తప్పు పడినా శేషం మిగిలి తీరుతుంది. ఎందుకంటే అప్పుడొచ్చే తేడా 9కి మించని ఒక అంకె, దాని వెనక సున్నలు. 17 దాన్ని భాగించలేదు. పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా దొరికిపోతాయి. మూడుతో భాగించి చూస్తే ఆ తారుమారు తెలియదు. అంకెల మొత్తం ఎటూ 87గానే ఉంటుంది. చేత్తో భాగహారం చేసే అలవాటు నేను వదలనిది ఇందుకే. సంఖ్య లోపల ఏముందో వేళ్లకు తెలుస్తుంది.

మరి 17 ఎక్కడిది? మన సంఖ్య 2^64 − 1. రెండు వర్గాల తేడాను విడగొట్టే బడి సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే ఈ సంఖ్య 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధమవుతుంది. ఇట్లా సాగే ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. మొదటి ఐదూ నిజమే. ఆరోదాన్ని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ పగలగొట్టాడు: 641 × 6700417. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64తో భాగిస్తే 1 మిగలాలని కూడా తర్వాత ఆయనే చూపాడు. అంటే వెతకాల్సినవి 193, 257, 449, 577, 641... ఐదోదే దొరుకుతుంది. నల్లగొండ బడిలో ఎనిమిదో తరగతి పిల్ల పెన్సిలుతో ఒక పూటలో చేయగల పని ఇది.