సంక్రాంతి పుట్టుపూర్వోత్తరములు – ఐతిహ్యములు, వాస్తవములు

సంక్రాంతి ఆంధ్రులకు పెద్దపండుగ. పంట ఇల్లుచేరిన సంతోషమున రైతులు జరుపుకొను పండుగయని పాఠ్యపుస్తకములు దీనిని నిర్వచించుచున్నవి. ఉత్తరాయణ పుణ్యకాలమని పంచాంగములు చెప్పుచున్నవి. పౌరాణికులు భీష్మ నిర్యాణమును, గజాసుర వృత్తాంతమును ఉదాహరింతురు. వీనిలో ఏది మూలము, ఏది పిమ్మట చేరినది యను విషయమును పొన్నూరు, బాపట్ల, తెనాలి, రేపల్లె ప్రాంతమును దృష్టియందుంచుకొని విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ముందుగా జ్యోతిషము. సూర్యుడు మకరరాశిని ప్రవేశించుట మకర సంక్రమణము. ఉత్తరదిశకు మరలుట ఉత్తరాయణము. ఈ రెండును ఒకే దినమున సంభవించినది సుమారు క్రీ. శ. 285 ప్రాంతమున. పూర్వము ధనిష్ఠాదియందున్న ఉత్తరాయణము తన కాలమున మకరాదియందున్నదని 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు బృహత్సంహితయందు గుర్తించెను. అయనచలనమువలన సుమారు 70 సంవత్సరముల కొక దినము చొప్పున ఈ రెండును ఎడమగుచు వచ్చినవి. నేడు ఉత్తరాయణము డిసెంబరు 21 లేక 22వ తేదీని, సంక్రాంతి జనవరి 14 లేక 15వ తేదీని వచ్చుచున్నవి. 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఏర్పడి 1955లో నివేదిక సమర్పించిన పంచాంగ సంస్కరణ సంఘము ఈ భేదమును విపులముగా చర్చించినది.

ఇందుండి మరియొక విషయము తేలుచున్నది. పైరు ఋతువు ననుసరించును. సంక్రాంతి నక్షత్రరాశి ననుసరించును. చందవోలు రాజధానిగా వెలనాటి చోడులు పాలించిన 12వ శతాబ్దిలో సంక్రాంతి ఉత్తరాయణమునకు పండ్రెండు పదుమూడు దినములకే వచ్చుచుండెను. కావున కోతకును సంక్రాంతికిని గల నేటి సామీప్యము శాశ్వతమైనది కాదు.

తెలుగు శాసనములలో ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తమున భూములను, అఖండదీపములను దానము చేసినట్లు తరచుగా కానవచ్చును. వీనిని పంటపండుగకు ప్రమాణములుగా గ్రహించుట తొందరపాటు. అవి నిరూపించునది పుణ్యకాల దానమును మాత్రమే. అట్లే అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములలో గొబ్బి ప్రసక్తి యుండుట 15వ శతాబ్దినాటికి ఆ యాట ప్రసిద్ధమని తెలుపును. పండుగ పుట్టుకను తెలుపదు.

ఇక ఐతిహ్యములు. భీష్ముడు ఉత్తరాయణమునకై వేచియుండెననుట అయనముయొక్క పవిత్రతను చెప్పునే కాని పంటను చెప్పదు. పైగా భీష్మాష్టమి మాఘ శుద్ధమున చాంద్రమానముచే వచ్చును, సంక్రాంతి సౌరమానముది. గజాసురుని ఉదరమునుండి శివుని విడిపించుటకు విష్ణువు నందిని ఆడించెనను కథ గంగిరెద్దులవారి వృత్తికి గౌరవమును కల్పించినది. శివుని ఆజ్ఞను తారుమారుగా చెప్పిన బసవడు భూమి దున్నుటకు శపింపబడెనను కథ కనుమనాటి పశుపూజకు కారణము చెప్పుచున్నది. ప్రతి కథయు ఒక్కొక్క ఆచారమునకు సమాధానము. పండుగ కంతటికిని జన్మపత్రిక కాజాలదు.

‘పంటపండుగ’ యను వాదమునకును ఇదే పరీక్ష వర్తించును. ఈ డెల్టాలో నేడు కానవచ్చు వరి సమృద్ధికి 1855లో పూర్తియైన బెజవాడ కృష్ణ ఆనకట్టయు, దాని కాలువలును ముఖ్యాధారములు. అంతకు ఇరువది రెండేండ్లకు పూర్వమే 1832–33 నాటి నందన కరవు గుంటూరు సీమను పీడించినది. కాలువల కిరువైపుల వరికుప్పలు నిండిన సంక్రాంతి దృశ్యమును అనాదిగా భావించుట చరిత్రకు సరిపడదు. కనుమనాడు మినుము తినవలెనను సామెతను గమనింపుడు. ఈ ప్రాంతమున వరిచేలలో కోతకు ముందు చల్లిన మినుము మాఘ ఫాల్గుణములలో గాని చేతికి రాదు. అనగా కనుమనాటి గారెలు ఆ చేని క్రొత్తపంటవి కావు.

అయినను పంటకు ఈ పండుగలో స్థానము లేదనుట మరియొక పొరపాటు. ఇంట ధాన్యమున్నప్పుడే హరిదాసు అక్షయపాత్ర నిండును. గంగిరెద్దులవానికి పాతబట్టతోపాటు చేటెడు వడ్లు దొరకును. కళ్లమున పాలేరులకును చేతివృత్తులవారికిని కొలిచి యిచ్చుటయు కుప్పనూర్పిళ్ల కాలముననే. ఆ దినములలోనే పెద్దలకు తర్పణములు విడిచి, వారి పేర క్రొత్తబట్టలు పెట్టుదురు. ‘పెద్దపండుగ’ యనునది పెద్దల పండుగయను భావమును గూడ ఇముడ్చుకొన్నది.

శాసనములలోని దానము, వాకిటి భిక్ష, పితృదేవతల తర్పణము – ఈ మూడింటికిని ఇచ్చుటయే సామాన్య ధర్మము. తిథిని జ్యోతిషము నిర్ణయించినది. ఇచ్చుటకు వలయు వస్తువును పంట సమకూర్చినది. కథలు ఆచారములకు అర్థము చెప్పినవి. సంక్రాంతికి ఏకైక మూలమును వెదకుటకంటె, ఈ మూడు పాయలును ఏ గ్రామమున ఏ కాలమున ఎట్లు కలిసెనో పరిశీలించుట ఫలవంతము. కోతయంత్రములు వచ్చి కళ్లములు కనుమరుగగుచున్న నేటి దినములలో, కళ్లమున కొలిచి యిచ్చిన కొలతలను, వాని పేళ్లను ఎరిగిన వృద్ధులు ఉండగనే వానిని సేకరించుట పరిశోధక విద్యార్థుల తక్షణ కర్తవ్యము.