పల్లె ఉపదేశి పనితనము

1912లో దోర్నకలు అధ్యక్ష మండలమునకు బిషప్పై, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన ప్రథమ భారతీయుడైన వి. ఎస్. అజరయ్యగారిని చరిత్ర స్మరించుచున్నది, న్యాయమే. కాని, పగలెల్ల కూలికేగి అలసివచ్చిన జనులు గంజి త్రాగి కూర్చుండిన పిమ్మట, లాంతరు వత్తి కొంచెము పెంచి, అక్షరమెరుగని ముసలమ్మకు వాక్యమును ముక్కముక్కగా నోటికందించి, ఆమె తడబడినచోట విసుగక మరల మొదటినుండి పలికించిన పల్లె ఉపదేశి నేర్పు నాకంతకంటె ఆశ్చర్యకరము. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానము వచ్చినపుడు అతడు వ్యాఖ్యానమునకు తొందరపడడు; "చీకటిపడినా ఒక గొఱ్ఱె రాకుంటే ఏమి చేస్తావు పెద్దయ్యా?" అని కాపరి నడిగి ఊరకుండును. వ్యాఖ్యానము కాపరియే చేయును. (పండితబోధకులకు ఈ మౌనము అరుదుగా అబ్బును.) తెల్లవారి జ్వరపడినవాని గుమ్మమున ప్రార్థించుటయు, బడిపిల్లలచే ఓనమాలు దిద్దించుటయు, స్వల్పజీతముతో సంసారమీదుటయు ఆ వృత్తిలోనివే.