సున్నా బిల్లు వెనక లెక్క

నల్లా మీటరు చూసుకోవడం మా వీధిలో ఇప్పుడు ఎవరికీ పట్టని పని. నాకది విడవని అలవాటు. నెలాఖరున గేటు పక్కన మీటరు మూత ఎత్తి, అద్దం మీది మట్టి తుడిచి, అంకెలు డైరీలో ఎక్కిస్తాను. నల్లవి కిలోలీటర్లు, ఎర్రవి చిల్లర లీటర్లు. నీళ్లు వదిలే వేళ సంపు దగ్గర వాల్వు కట్టేసి చూసినా మీటరు లోపలి చిన్న చక్రం ఇంకా తిరుగుతోందంటే, మీటరుకీ సంపుకీ మధ్య పైపు ఎక్కడో కారుతున్నట్టే. వాడకం మారకుండానే ఏదో ఒక నెల అంకె ఎగిరిందంటే మిద్దె మీది ట్యాంకు పొంగి పోతోందేమో చూడాలి.

ఈ పద్ధతి నాకు సినిమా ఆఫీసుల్లో అబ్బింది. వాన పాట తీసిన రాత్రి ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఎంతకు వచ్చాయో ప్రొడక్షన్ మేనేజరు ఆ రాత్రే ఖర్చుల పుస్తకంలో రాస్తాడు. నిర్మాత అడిగినా రాస్తాడు, అడక్కపోయినా రాస్తాడు. మా హైదరాబాద్ ఫిల్మ్‌నగర్‌లో నీళ్లకు అంత శ్రద్ధగా లెక్క రాసే చోటు షూటింగ్ ఒక్కటేనేమో. ఇళ్లలో ఆ లెక్క మానేశాం. మానేయడానికి కారణం మంచిదే కావడం వల్ల దాని గురించి మాట్లాడటం కష్టం.

2020 డిసెంబరులో జరిగిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఎన్నికలప్పుడు ఇంటికి నెలకు 20 వేల లీటర్ల నీళ్లు ఉచితమని హామీ ఇచ్చారు. 2021 జనవరి 12న అప్పటి మున్సిపల్ శాఖ మంత్రి కె.టి. రామారావు ఆ పథకాన్ని మా జూబ్లీహిల్స్ నియోజకవర్గంలోనే, రహమత్‌నగర్ దగ్గర ఎస్పీఆర్ హిల్స్‌లో ప్రారంభించారు. మీటరు పెట్టించుకుని, ఆధార్ జతచేసుకున్న ఇళ్లకు సున్నా బిల్లులు రావడం మొదలైంది. బస్తీవాళ్లకు మీటరు లేకపోయినా వర్తింపజేశారు.

20 వేల లీటర్లంటే ఎంత? ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 133 లీటర్లు. మురుగు కాలువల వ్యవస్థ ఉన్న నగరాలకు కేంద్రం పెట్టుకున్న ప్రమాణం 135. వండుకోవడానికి, తాగడానికి, స్నానానికి, బట్టలకి, దొడ్డికి సరిపడే అంకె అది. తోటకి, కార్లు కడగడానికి, ఈత కొలనుకి కాదు. దక్షిణాఫ్రికాలో 2001లో ఇలాంటి పథకమే తెచ్చినప్పుడు ఇంటికి నెలకు 6 వేల లీటర్లే ఇచ్చారు. మన పథకం అంతకంటే ఉదారమైనది. ఫిల్మ్‌నగర్ బస్తీల్లో ఒక్క గది ఇంటికి నీళ్ల బిల్లు లేకపోవడం న్యాయమని నా నమ్మకం. అది ఎప్పటికీ ఉండాలి.

కానీ సున్నా బిల్లు వచ్చిన చోట అసలు నీటి ఖరీదెంత అన్న ప్రశ్న కూడా మాయమైంది. నా బెంగ అదే.

ఆ ఖరీదు తెలియాలంటే నీళ్లు వచ్చే దారి పట్టి వెనక్కి పోవాలి. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన గండిపేట 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట పూర్తి మట్టం 1790 అడుగులు. పాతనగరం దానికి దిగువన ఉంది కాబట్టి నీళ్లు కాలువలో తమంతట తామే ఆసిఫ్‌నగర్ ఫిల్టరు బెడ్ల దాకా నడిచొచ్చేవి. తోడే ఖర్చే లేదు. ఒక నగరానికి అంతకంటే పెద్ద ఆస్తి ఉండదు. ఆ చెరువుల చుట్టూ కట్టడాలను అదుపు చేస్తూ 1996లో వచ్చిన జీవో 111 ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో ఎత్తేసినప్పుడు రియల్ ఎస్టేట్ గురించి ఎన్నో చర్చలు విన్నాను. తోడకుండా వచ్చే నీటికి ముప్పు తెస్తున్నామే అన్న మాట మాత్రం తక్కువగా వినిపించింది.

ఊరు పెరిగింది. మంజీర నీళ్లు వచ్చాయి, సింగూరు వచ్చింది. 2004లో కృష్ణా మొదటి దశ, 2008లో రెండోది, 2015లో మూడోది. అదే ఏడాది ఎల్లంపల్లి నుంచి గోదావరి. నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు, అంటే 180 మీటర్లు. ఎల్లంపల్లి పూర్తి మట్టం 148 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, జూబ్లీహిల్స్ గుట్టలు ఇంకా పైన. అంటే మనం నీళ్లను నూటికి పైగా కిలోమీటర్ల దూరం నుంచి కొండెక్కిస్తున్నాం.

ఒక కిలోలీటరు నీళ్లు ఒక టన్ను బరువు. 350 మీటర్ల ఎత్తనుకుందాం. ఒక టన్నును అంత ఎత్తుకు లేపడానికి, పంపులో రవ్వంత నష్టం లేకపోయినా, దాదాపు ఒక యూనిట్ కరెంటు కావాలి. నష్టం లేని పంపు ఎక్కడా లేదు. పైపుల్లో రాపిడి వేరే. కాబట్టి మన సున్నా బిల్లు వెనక నెలకు 20 యూనిట్లకు తక్కువ కాకుండా కరెంటు ఉంటుంది, నీళ్లు ఊరి అంచుకు చేరడానికే. శుద్ధి చేయడం, ఊళ్లో మళ్లీ రిజర్వాయర్లకు ఎక్కించడం, పైపుల మరమ్మతు, లైన్‌మన్ జీతం ఇంకా ఇందులో కలపలేదు.

ఇప్పుడు రేటు చూద్దాం. 2011లో సవరించిన పట్టికలో ఇళ్లకు మొదటి 15 కిలోలీటర్ల దాకా కిలోలీటరుకు 10 రూపాయలు, ఆపైన 30 దాకా 12. వాడకం పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. మురికివాడలకు మొదటి మెట్టు 7 రూపాయలు. నీటి చార్జీ మీద మరో 35 శాతం మురుగు సెస్సు. ఆ రేట్లతో 20 కిలోలీటర్లకు లెక్క కడితే సెస్సుతో కలిపి 283 రూపాయల 50 పైసలు. అదే నీళ్లు నగరానికి నీళ్లిచ్చే జలమండలి ట్యాంకరులో తెప్పించుకుంటే? 5 వేల లీటర్ల ట్యాంకరు 500 రూపాయలు. నాలుగు ట్యాంకర్లు, 2 వేలు. పైపు చేరిన ఇంటికి ఉచితం, చేరని ఇంటికి 2 వేలు. ప్రైవేటు ట్యాంకరైతే ఎండాకాలంలో అడిగినంత. రేట్లు పెంచితే పేదవాడికి దెబ్బ అని మనం వాదిస్తున్నంతసేపూ, పైపు లేని పేదవాడు దాదాపు ఏడు రెట్ల రేటు ఎప్పటినుంచో కడుతూనే ఉన్నాడు.

కృష్ణానగర్‌లో గదికి నలుగురైదుగురు సర్దుకుని ఉండే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ నాకు తెలుసు. అద్దె కాక 'నీళ్ల డబ్బులు' విడిగా ఇస్తారు. ఇంటి ఓనరుకు వచ్చే బిల్లు కాగితం వాళ్లెప్పుడూ చూసి ఎరగరు. ఉచిత పథకం వచ్చాక ఆ డబ్బులు తగ్గాయా అని ఒక లైట్‌మన్ తమ్ముణ్ణి అడిగాను. "ఎవర్ని అడగాలి సార్, ఎట్ల అడగాలి? బిల్లు మా పేరు మీద రాదు గదా" అన్నాడు.

మురుగు సంగతి ఇంకా చిక్కు. ఇంటికొచ్చిన నీటిలో 80 శాతం మురుగై బయటికి పోతుందన్నది ఇంజనీర్లు వాడే లెక్క. మన సెస్సు మాత్రం మురుగును కొలవదు, నీటి చార్జీని పట్టుకుని నడుస్తుంది. చార్జీ సున్నా అయితే దాని మీద 35 శాతమూ సున్నానే. జూబ్లీహిల్స్ బంగళాల్లో బోర్లున్నాయి. ట్యాంకర్లు వస్తాయి. ఆ నీళ్లు నల్లా మీటరు ఎక్కవు, కానీ అదే డ్రైనేజీలో కలుస్తాయి. బోరు నీళ్లతో లాన్ తడిపి, కొలను నింపి, నాలుగు కార్లు కడిగే ఇల్లు మురుగుకు కట్టేది, ఆ ఇంట్లో పనిచేసే మనిషి ఉండే అద్దింటి కంటే ఎక్కువేమీ కాకపోవచ్చు. ఇది ఎవరో కావాలని చేసిన అన్యాయం కాదు. రేటు పట్టిక రాసిన కాలంలో కుదిరిన లెక్క ఈనాటి గుట్టకు కుదరడం లేదు.

ఆ మురుగు ఎటు పోతుంది? ఈ గుట్టలకు పడమటి దిగువన దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీళ్లు ఇచ్చిన చెరువు. మా తరం దాన్ని గుర్రపుడెక్కతో, వాసనతో ఎరుగుదుం. ఇప్పుడక్కడ మురుగుశుద్ధి కేంద్రం ఉంది. నగరమంతటా 31 కొత్త కేంద్రాలు కట్టడానికి 2021లో 3,866 కోట్ల రూపాయలు మంజూరు చేశారు. రోజుకు 125 కోట్ల లీటర్లకు పైగా శుద్ధి చేసే సామర్థ్యం. మంచి పని, ఎప్పుడో జరగాల్సిన పని. కట్టడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది. రోజూ నడపడానికి కరెంటు, రసాయనాలు, మనుషులు కావాలి. ఎయిరేటర్లు ఆగితే కేంద్రం ఉన్నా లేనట్టే. ఆ రోజువారీ డబ్బు సెస్సులోంచి రావాలి, లేదా ప్రభుత్వ ఖజానాలోంచి రావాలి. ఎక్కడి నుంచి వస్తోందో పౌరుడికి తెలిసే దారి ఉండాలి.

ఇందులో మనిషి ప్రాణం ఖరీదు కూడా ఉంది, దాన్ని దాటి వెళ్లలేను. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకూడదని 2013లో చట్టం వచ్చింది. అయినా దించుతూనే ఉన్నారు. అలా చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో జలమండలి సన్నటి గల్లీల్లోకి వెళ్లగల 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత పారిశ్రామికవేత్తల సంఘంతో కలిసి ప్రవేశపెట్టింది. దేశం చూసి నేర్చుకోదగిన పని అది. ఫిల్మ్‌నగర్ వాలుల్లో వాన పడిన రోజు మ్యాన్‌హోల్ పొంగితే ఫోన్ చేసి తిట్టేవాళ్లం చాలామందిమి ఉన్నాం. వచ్చేది యంత్రమా, తాడు కట్టుకున్న మనిషా అన్నది మనం కట్టే డబ్బు మీద కూడా ఆధారపడుతుంది.

మరి రేటు ఎవరు నిర్ణయిస్తారు? 1937లో ఈ గుట్టలకు జూబ్లీహిల్స్ మున్సిపాలిటీ అని సొంత పాలక సంస్థ ఉండేది. 1950లో అది హైదరాబాద్‌లో కలిసింది. 1989 నవంబరు 1న జలమండలి ఏర్పడ్డాక నీళ్లు, మురుగు దాని చేతికి వెళ్లాయి. బోర్డుకు అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మనం ఓటేసిన కార్పొరేటరు నీటి రేటు మీద చెయ్యెత్తే సందర్భమే లేదు. పెంచినా, మాఫీ చేసినా పైనుంచి వస్తుంది. మనకు బిల్లుగా తెలుస్తుంది, లేకపోతే ఎన్నికల సభలో తెలుస్తుంది.

మా పెద్దమ్మ మునిమనవరాలు కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్లో ఉంటుంది. వాళ్ల నగర కౌన్సిల్ నీటి రేటు, మురుగు రేటు పెంచాలనుకుంటే ముందు ఇంటింటికీ ఉత్తరం రావాలి. 1996లో ఓటర్లు ఆమోదించిన ప్రతిపాదన 218 ప్రకారం కొత్త రేటెంత, ఏ లెక్కన, ఎందుకు, విచారణ ఎక్కడ, ఎప్పుడు అన్నది అందులో ఉండాలి. కనీసం 45 రోజుల గడువివ్వాలి. సగానికి మించిన ఇళ్లవాళ్లు అభ్యంతరం రాసిస్తే ఆ రేటు వేయడానికి లేదు. ఈ అమ్మాయి విచారణకు వెళ్లింది. "పెద్దగా ఏం జరగలేదు తాతయ్యా, పైపులు పాతవైపోయాయని లెక్కలు చూపించారు, పెంచారు. కానీ ఎందుకో తెలిసింది" అంది.

అంత దూరం పోనక్కర్లేదు. కరెంటుకు మనకు ఆ ఏర్పాటు ఉంది. కరెంటు పంపిణీ చేసే డిస్కమ్‌లు చార్జీలు మార్చాలంటే ఖర్చులు, రాబడి విద్యుత్ నియంత్రణ కమిషన్ ముందు పెట్టాలి, పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణ జరపాలి. రైతు సంఘాలవాళ్లు, రిటైరైన ఇంజనీర్లు, జర్నలిస్టులు ఆ లెక్కల్ని పేజీ పేజీ చదివి ప్రశ్నించే సంప్రదాయం తెలుగునాట గట్టిగా ఉంది. కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఆందోళనలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ గాయం గుర్తున్న ఏ ప్రభుత్వమూ రేటు అనే మాటెత్తడానికి ఇష్టపడదు. అందుకే నీళ్ల రేటు ఏళ్ల తరబడి కదలదు, కదిలినప్పుడు చప్పుడు లేకుండా కదులుతుంది. మహారాష్ట్ర 2005లోనే నీటికి నియంత్రణ సంస్థ పెట్టుకుంది. మనకు ఎందుకు వద్దు?

నల్లా రేటు మీద అలాంటి విచారణ ఒకటి జరిగితే, రవీంద్రభారతిలో అక్కర్లేదు, ఫిల్మ్‌నగర్‌లో ఏ కమ్యూనిటీ హాల్లో జరిగినా నేను వెళతాను. 20 వేల లీటర్ల ఉచితం ముట్టుకోవద్దంటాను. ఆపైన వాడే మాలాంటి గేట్లున్న ఇళ్లకు, బంగళాలకు, స్టార్ హోటళ్లకు పెంచమంటాను. బోరు ఉన్న పెద్ద ఇంటికి మురుగు చార్జీ విడిగా కట్టమంటాను. వసూలైన సెస్సులో శుద్ధి కేంద్రాలకు ఎంత, యంత్రాలకు ఎంత అని ఏటా తెలుగులో అచ్చేయమంటాను. కృష్ణా నీళ్లు ఒక కిలోలీటరు మా రిజర్వాయరుకు చేరేసరికి అచ్చంగా ఎంత పడుతోంది, దారిలో ఎంత కారిపోతోంది అని అడుగుతాను. పెంచిన రేటులో ఎంత భాగం, ఏ ఏడాదికల్లా, ఇప్పుడు ట్యాంకరుకు 500 కడుతున్న కాలనీలకు పైపులు వేయడానికి వెళుతుందో కాగితం మీద రాసివ్వమంటాను.